పిల్లలను వేసవి క్రీడా శిబిరానికి పంపుతున్నారా? అంటురోగాలు రాకుండా జాగ్రత్తలు, మీకున్న ఉచిత వైద్య సేవలు

ఈ పత్రం ఎవరి కోసం

సెంటినరీ కాలనీ, యైటింక్లయిన్ కాలనీ, గోదావరిఖని, రామగుండం ప్రాంతాల్లో వేసవి శిక్షణ శిబిరాలకు, టోర్నమెంట్లకు పిల్లలను పంపే తల్లిదండ్రుల కోసం. సింగరేణి ఉద్యోగులు, కాంట్రాక్టు కార్మికులు, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు అందరూ చదవొచ్చు. మైదానంలో పిల్లలందరూ కలిసే ఆడతారు. జబ్బుకు మీ నాన్న పర్మనెంటా, కాంట్రాక్టా అనేది తెలియదు.

ముందుగా ఒక్క మాట

జరం ఉన్న రోజు పిల్లవాడిని మైదానానికి పంపొద్దు. గోలీ వేసి అసలే పంపొద్దు.

ఇది అందరికీ తెలిసిన మాటే. అయినా తప్పు ఇక్కడే జరుగుతుంది. ఎందుకంటే శిబిరం చివర సెలెక్షన్ ఉంటుంది. "ఒక్కరోజు పోకుంటే పేరు తీసేస్తరేమో" అని పిల్లలకు భయం. "నెల రోజులు కష్టపడ్డడు, ఇప్పుడు ఆపుతమా" అని తల్లిదండ్రులకు బాధ. పొద్దున పారాసిటమాల్ గోలీ వేస్తే గంటలో వేడి దిగుతుంది. పిల్లవాడు హుషారుగా కనిపిస్తాడు. కానీ గోలీ తగ్గించింది వేడిని మాత్రమే, ఒంట్లో ఉన్న వైరస్‌ను కాదు. వాడు కబడ్డీ కోర్టులో పదిమందిని పట్టుకుంటాడు, ఒకే సీసాలో నీళ్లు తాగుతాడు, సోపతిగాని తువ్వాలతో ముఖం తుడుచుకుంటాడు. నాలుగు రోజులు తిరిగేసరికి సగం టీం మంచం పడుతుంది.

ఇంకో ప్రమాదం ఆ పిల్లవాడికే. వైరల్ జరంలో బాగా పరుగెత్తితే గుండె కండరానికి వాపు వచ్చే అవకాశం ఉంది. అరుదుగానే వస్తుంది, కానీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. దీనికి తోడు మన దగ్గర ఏప్రిల్, మే నెలల ఎండలు. రామగుండంలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరే రోజులు ప్రతి ఏడూ చూస్తున్నాం. జరంతో ఉన్న ఒంటికి ఆ ఎండ తోడైతే వడదెబ్బ తొందరగా తగులుతుంది.

"దుమ్ము వల్లనే" అనుకోవద్దు

బొగ్గు ప్రాంతంలో దగ్గు మామూలైపోయింది. ఓపెన్‌కాస్టు దుమ్ము, లారీల దుమ్ము. పిల్లవాడు దగ్గితే "గాలిలో దుమ్ముంది" అని వదిలేస్తాం. దుమ్ముతో దగ్గు వచ్చేది నిజమే. కానీ దుమ్ము దగ్గుకు సాధారణంగా జరం రాదు. ఒళ్లు నొప్పులు, జరం, ముక్కు కారడం కలిసి వస్తే అది అంటుకునే దగ్గు అనుకుని ఇంట్లో ఉంచండి.

దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష చేయించాలి. పిల్లల్లో బరువు పెరగకపోవడం, సాయంత్రం పూట జరం, మెడ దగ్గర గడ్డలు కూడా గుర్తులే. సర్కారు దవాఖానలో పరీక్ష, మందులు పూర్తిగా ఉచితం. మందులు వాడినన్ని రోజులు నెలకు 1,000 రూపాయలు పౌష్టికాహారం కోసం బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఇదివరకు ఇది 500 ఉండేది, 2024 నవంబర్ నుంచి పెంచారు. ఇంట్లో తాతకో నాన్నకో టీబీ ఉంటే పిల్లవాడికి దగ్గు లేకున్నా చూపించండి. జబ్బు రాకుండా ముందుగానే మందు ఇస్తారు.

శిబిరంలోనే ఎందుకు ఎక్కువ అంటుకుంటాయి

బడిలో పిల్లలు బెంచీల మీద కూర్చుంటారు. మైదానంలో ఒకరి మీద ఒకరు పడతారు. చెమట, గీరుకుపోయిన మోకాళ్లు, ఒకే హెల్మెట్, ఒకే గ్లౌజులు, ఒకే డ్రమ్ములో ముంచే గ్లాసు. టోర్నమెంటుకు వేరే ఊరు పోతే ఒకే హాలులో వరుసగా పడుకోవడం, ఒకే బస్సులో ప్రయాణం.

కొవిడ్ కాలంలో అమెరికాలో జరిగిన ఒక సంగతి మనకు పనికొస్తుంది. 2020 జూన్‌లో జార్జియా రాష్ట్రంలో పిల్లలు రాత్రిళ్లు బస చేసే ఒక శిబిరం పెట్టారు. రావడానికి ముందు 12 రోజుల్లోపు చేసిన పరీక్షలో కొవిడ్ లేదని తేలిన వాళ్లనే చేర్చుకున్నారు. సిబ్బంది మాస్కులు పెట్టుకున్నారు. కానీ పిల్లలకు మాస్కులు లేవు, పడుకునే గదుల కిటికీలు తెరవలేదు, రోజూ గట్టిగా పాటలు, కేకలు. పరీక్ష ఫలితం తెలిసిన 344 మందిలో 260 మందికి కొవిడ్ వచ్చినట్టు తేలింది.

చేరే రోజు చూపించే కాగితం ఒక్కటే పిల్లలను కాపాడదని దీంతో తెలుస్తుంది. రోజూ పొద్దున అడగాలి, రోజూ చూడాలి. కిటికీలు తెరవాలి.

శిబిరానికి ముందు: టీకా కార్డు తీయండి

పాత టీకా కార్డు పెట్టెలోంచి తీసి చూడండి. ఈ కిందివి పడ్డాయా?

• తట్టు–రుబెల్లా టీకా రెండు డోసులు: మొదటిది 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య.
• డీపీటీ బూస్టర్: 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి, 5–6 ఏళ్లప్పుడు ఒకటి. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం నుంచి కాపాడుతుంది.
• టీడీ టీకా: 10 ఏళ్లకు ఒకటి, 16 ఏళ్లకు ఒకటి. శిబిరాలకు వచ్చే పిల్లల్లో ఎక్కువగా తప్పిపోయేది ఇదే. మైదానంలో మోకాలు చీరుకుపోయే పిల్లలకు ఇది తప్పకుండా ఉండాలి.

ఈ టీకాలన్నీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఉపకేంద్రంలో ఉచితం. మామూలుగా బుధవారం, శనివారం వేస్తారు. ఏఎన్ఎం అక్కను గానీ, ఆశా అక్కను గానీ అడిగితే చెబుతారు. దీనికి రేషన్ కార్డు అవసరం లేదు. టీకా కార్డు పోయినా ఫర్వాలేదు, పోయిందని టీకా మానొద్దు.

2017 ఆగస్టులో మన రాష్ట్రంలో 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ బడుల్లో, అంగన్‌వాడీల్లో తట్టు–రుబెల్లా సూది వేశారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు మాత్రం కార్డులోనే చూసుకోవాలి. వయసు దాటిన పిల్లలకు డోసు తప్పితే ఏం చేయాలో డాక్టరును అడగండి.

ఆటలమ్మ, గవదబిళ్లల టీకాలు సర్కారు ఉచిత టీకాల జాబితాలో లేవు. ప్రైవేటులో డబ్బులు పెట్టి వేయించుకోవాలి. వేయించలేకపోతే బాధపడొద్దు. ఈ జబ్బులు వచ్చినప్పుడు పిల్లవాడిని సరైన రోజులు ఇంట్లో ఉంచడమే పెద్ద రక్ష.

నులిపురుగుల గోలీ (ఆల్బెండజోల్) ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో 1 నుంచి 19 ఏళ్ల పిల్లలకు బడుల్లో, అంగన్‌వాడీల్లో ఉచితంగా ఇస్తారు. ఉత్త కాళ్లతో మట్టిలో ఆడే పిల్లలకు ఇది అవసరం.

రోజూ పొద్దున నాలుగు ప్రశ్నలు

ఇంట్లో అమ్మ గానీ నాన్న గానీ అడగాలి. ఫస్ట్ షిఫ్టుకు పోయే వాళ్లు ముందురోజు రాత్రే అడిగి పెట్టుకోండి. మైదానంలో కోచ్ కూడా హాజరు తీసుకునేటప్పుడు అడగాలి.

1. జరం గానీ, ఒళ్లు నొప్పులు గానీ ఉన్నాయా? (థర్మామీటరులో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే జరమే. ఆడి వచ్చిన వెంటనే చూడొద్దు, అరగంట నీడలో కూర్చున్నాక చూడండి.)
2. వాంతులు, విరేచనాలు అయ్యాయా?
3. ఒంటి మీద పొక్కులు, దద్దుర్లు, చీము పుండ్లు ఉన్నాయా?
4. కళ్లు ఎర్రగా ఉన్నాయా? పొద్దున రెప్పలు అతుక్కుపోయాయా?

ఒక్కదానికి "అవును" అన్నా ఆ రోజు ఆట లేదు. కోచ్‌కు ఇట్లా ఒక మెసేజ్ పెట్టండి: "సార్, ఇయ్యాల పిలగానికి జరం వచ్చింది. పంపుతలేను. తగ్గినంక రెండు రోజులకు పంపుత." ఈ మెసేజ్ దాచుకోండి.

ఎన్ని రోజులు ఇంట్లో ఉంచాలి

• జరం, సర్ది, దగ్గు: గోలీ వేయకుండానే 24 గంటలు జరం రాకుండా ఉండాలి. ఆ తర్వాత మొదటి రెండు రోజులు తేలిక ఆటలే.
• తట్టు: దద్దుర్లు వచ్చిన రోజు తర్వాత కనీసం 4 రోజులు. ఇది గాలిలోనే అంటుకుంటుంది. రోగి వెళ్లిపోయాక కూడా ఆ గది గాలిలో రెండు గంటల దాకా ఉండగలదు. అనుమానం వస్తే ఆశా అక్కకు వెంటనే చెప్పండి.
• ఆటలమ్మ: పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా.
• గవదబిళ్లలు: చెంప వాచిన నాటి నుంచి 5 రోజులు.
• కండ్లకలక: కళ్ల నుంచి పుసి, నీరు కారడం ఆగేదాకా.
• వాంతులు, విరేచనాలు: చివరిసారి అయినప్పటి నుంచి 48 గంటలు.
• కామెర్లు: డాక్టరు సరే అనేదాకా. కనీసం వారం.
• గజ్జి: మందు ఒకసారి ఒళ్లంతా రాశాక మరుసటి రోజు రావొచ్చు. ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోవాలి. లేకుంటే మళ్లీ తిరిగి వస్తుంది.
• తామర: మందు మొదలుపెట్టి మూడు రోజులయ్యేదాకా కబడ్డీ, కుస్తీ వద్దు. ఆ తర్వాత మచ్చ మీద బట్ట కప్పి ఆడొచ్చు.
• చీము పుండ్లు: పెచ్చు కట్టేదాకా గానీ, యాంటీబయాటిక్ మొదలుపెట్టి 48 గంటలయ్యేదాకా గానీ.
• పేలు: ఇంట్లో ఉంచనక్కరలేదు. అదే రోజు మందు పెట్టండి. హెల్మెట్, దువ్వెన ఇంకొకరికి ఇవ్వొద్దు.
• డెంగీ, మలేరియా: మనిషి నుంచి మనిషికి అంటవు, దోమ ద్వారా వస్తాయి. కానీ జరం తగ్గిన వెంటనే ఆడొద్దు. డెంగీలో జరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే అసలు జాగ్రత్తగా ఉండాల్సినవి.

రెండు జబ్బుల గురించి కాస్త ఎక్కువగా

ఆటలమ్మ. మన ఇళ్లల్లో "అమ్మవారు పోసింది" అంటారు. వాకిట్లో యాపాకు కడతారు, పిల్లవాడిని బయటికి పంపరు. పంపకపోవడం చాలా మంచి పద్ధతి, వైద్యం చెప్పేదీ అదే. కానీ స్నానం ఆపొద్దు, తిండి తగ్గించొద్దు, గోళ్లు కత్తిరించండి. జరం నాలుగు రోజులు దాటినా, పొక్కులు చీము పట్టినా, దమ్ము వచ్చినా, మత్తుగా పడుకున్నా దవాఖానకు తీసుకుపోండి. అమ్మవారికి కోపం రాదు. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే ఇది అంటుకోవడం మొదలవుతుంది. అందుకే కోచ్‌కు వెంటనే చెప్పాలి. పక్కన ఆడిన పిల్లలకు 10 నుంచి 21 రోజుల్లో రావొచ్చు. ఇంట్లో గర్భిణి ఉండి, ఆమెకు చిన్నప్పుడు ఆటలమ్మ రాకపోయి ఉంటే దూరంగా ఉంచి డాక్టరుకు చెప్పండి. ఆటలమ్మకూ, ఫ్లూ జరానికీ పిల్లలకు ఆస్పిరిన్ గోలీ ఇవ్వొద్దు.

కండ్లకలక. 2023 జులై, ఆగస్టు నెలల్లో రాష్ట్రమంతా వచ్చింది, గుర్తుందా? "చూస్తేనే అంటుకుంటది" అని నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాం. చూపుతో అంటదు. చేతితో, తువ్వాలతో, దిండుతో అంటుతుంది. కాబట్టి కళ్లద్దాల కన్నా సబ్బు ఎక్కువ కాపాడుతుంది. మెడికల్ షాపులో అడిగి చుక్కల మందు వేయొద్దు. కొన్ని చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది, కంటికి హాని చేయొచ్చు.

సంచిలో ఏం పెట్టాలి

• సొంత నీళ్ల సీసా, పేరు రాసి. ఎవరికీ ఇవ్వొద్దు, ఎవరిదీ తీసుకోవద్దు.
• సొంత తువ్వాల. రోజూ ఉతికి ఎండలో ఆరేయాలి.
• చిన్న సబ్బు ముక్క. తినే ముందు, మరుగుదొడ్డికి పోయి వచ్చాక 20 సెకండ్లు రుద్ది కడగాలి. బొగ్గు దుమ్ము చేతికి అంటి ఉంటే శానిటైజర్ సరిగా పనిచేయదు, సబ్బే వాడాలి.
• ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్. ఒక పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు మంచి నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్, ఒక గ్లాసు లెక్క వద్దు. కలిపిన నీళ్లు 24 గంటల్లో తాగాలి, మిగిలితే పారబోయాలి.
• మార్చుకోవడానికి ఒక జత బట్టలు. చెమట బట్టలతోనే పడుకుంటే తామర వస్తుంది.

నిర్వాహకులను ఇవి అడగండి

అడగడం మీ హక్కు. గొడవ పెట్టుకోనక్కరలేదు, పేరు రాయించే రోజే నలుగురు కలిసి మర్యాదగా అడగండి.

• నీళ్ల డ్రమ్ముకు నల్లా ఉందా? గ్లాసు ముంచడం ఆపాలి.
• చేతులు కడుక్కోవడానికి నీళ్లు, సబ్బు ఉన్నాయా?
• కబడ్డీ మ్యాట్లు, హెల్మెట్లు, గ్లౌజులు రోజూ తుడుస్తున్నారా?
• జరం వచ్చిన పిల్లవాడిని అమ్మానాన్న వచ్చేదాకా విడిగా, నీడలో కూర్చోబెట్టే చోటు ఉందా? పక్కన ఒక పెద్దమనిషి ఉంటారా?
• రాత్రి బస ఉంటే కిటికీలు తెరుస్తారా? పడకల మధ్య మనిషి నడిచేంత ఎడం ఉంటుందా?
• అన్నిటికన్నా ముఖ్యమైనది: జబ్బుతో రాని రోజులను సెలెక్షన్‌లో లెక్కగట్టి పేరు తీయరు కదా? వేరే రోజు ట్రయల్ ఇస్తారా?

ఈ చివరి ప్రశ్నకు "ఇస్తాం" అని నలుగురి ముందు మాట తీసుకోండి. ఆ మాట ఉంటే ఏ తల్లీ గోలీ వేసి పంపదు. ఆ మాట లేకుంటే ఎన్ని సబ్బులు పెట్టినా జబ్బు ఆగదు.

ఇంట్లో చూసుకునే వాళ్లు లేకపోతే

అమ్మానాన్న ఇద్దరూ పనికి పోయే ఇళ్లల్లో ఇదే అసలు కష్టం. శిబిరం మొదలవకముందే ఆలోచించి పెట్టుకోండి. పక్క క్వార్టరులో ఒకరితో మాట అనుకోండి: "మా పిల్లగానికి బాగలేకుంటే మీరు చూడండి, మీ పిల్లకు బాగలేకుంటే మేం చూస్తం." కానీ ముసలివాళ్ల దగ్గర, ముఖ్యంగా దమ్ము, షుగర్ ఉన్న తాత దగ్గర జరం పిల్లవాడిని పడుకోబెట్టొద్దు. పిల్లవాడికి మూడు రోజుల జరం, తాతకు అదే నిమోనియా కావొచ్చు.

వెంటనే దవాఖానకు పోవాల్సిన గుర్తులు

• దమ్ము, పక్కటెముకలు లోపలికి పోవడం, పెదవులు నీలంగా మారడం
• మెడ బిగుసుకుపోవడం, ఫిట్స్, మాట తడబడటం, లేపినా లేవకపోవడం
• తాగింది తాగినట్టే కక్కడం, 8 గంటలుగా మూత్రం రాకపోవడం
• విరేచనంలో రక్తం, ఒంటి మీద ఎర్రటి రక్తపు చుక్కలు
• మూడు రోజులు దాటిన జరం

ఎండలో ఆడుతూ పిల్లవాడు ఒళ్లు కాలిపోతూ, తిక్కతిక్కగా మాట్లాడితే అది వడదెబ్బ కావొచ్చు. వడదెబ్బకు పారాసిటమాల్ పనిచేయదు. నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ గాలి విసరండి. అదే సమయంలో ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేకుంటే నోట్లో నీళ్లు పోయొద్దు.

ఎక్కడికి పోవాలి, ఖర్చు ఎంత

సింగరేణి ఉద్యోగుల పిల్లలు: మెడికల్ కార్డుతో మీ కాలనీ డిస్పెన్సరీకి, పెద్ద జబ్బయితే గోదావరిఖని ఏరియా ఆసుపత్రికి.

మిగతా అందరూ: పల్లె దవాఖాన, బస్తీ దవాఖాన, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, గోదావరిఖని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. ఓపీ, మందులు, పరీక్షలు ఉచితం.

బడి పిల్లల ఆరోగ్య పరీక్షలు: రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు వర్తిస్తుంది. వైద్య బృందం సర్కారు బడులకు, అంగన్‌వాడీలకు వస్తుంది. గుండె జబ్బు, కంటి చూపు, చెవుడు, రక్తహీనత చూస్తుంది. ఆటలాడేటప్పుడు తొందరగా ఆయాసపడే పిల్లలు ఉంటే ఆ బృందానికి తప్పకుండా చెప్పండి.

ఆరోగ్యశ్రీ: అర్హత ఉన్న కుటుంబానికి 2023 డిసెంబర్ నుంచి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా వైద్యం. కానీ ఇది మామూలు జరం ఓపీకి కాదు. జాబితాలో ఉన్న జబ్బులకు, ఆసుపత్రిలో చేరినప్పుడు వర్తిస్తుంది. చేరే ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. రేషన్ కార్డు, పిల్లవాడి ఆధార్ వెంట ఉంచుకోండి.

గుర్తుంచుకోవాల్సిన నంబర్లు (డబ్బులు పడవు)

108: అంబులెన్స్
104: ఆరోగ్య సలహా, ఆరోగ్యశ్రీ సమాచారం
1800-11-6666: టీబీ సమాచారం

చివరిగా

ఆట పిల్లల హక్కు. శిబిరం మాన్పించమని ఈ పత్రం చెప్పడం లేదు. జరం వచ్చిన రెండు మూడు రోజులు మాత్రమే ఆపమంటోంది. ఒక్క పిల్లవాడు మూడు రోజులు ఇంట్లో ఉంటే, మిగతా ముప్పై మంది నెల రోజులూ మైదానంలో ఉంటారు. ఈ పత్రాన్ని మీ శిబిరం వాట్సాప్ గ్రూపులో పెట్టండి. చదవడం రాని వాళ్లకు చదివి వినిపించండి. కోచ్‌కు కూడా పంపండి.